పాత ఊరు ఎవరిది?

బీజింగ్ పాత నగరానికి దక్షిణపు కొసన యోంగ్‌డింగ్‌మెన్ అని ఒక పెద్ద నగర ద్వారం ఉంది. ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు ఒక ఆదివారం దాని ముందు నిలబడి బోలెడు ఫొటోలు తీశాను. 1553లో కట్టారని ముందే చదువుకుని వెళ్లాను. నాలుగున్నర శతాబ్దాలు అని నేను మురిసిపోతుంటే పక్కనున్న అక్కడి సహోద్యోగిని నవ్వి, "ఇది నాకంటే చిన్నది" అంది. అసలు ద్వారాన్ని 1957లో కూల్చేశారు. ఇప్పుడున్నది 2004లో తిరిగి కట్టింది. 2024 జులైలో ఢిల్లీలో జరిగిన యునెస్కో సమావేశంలో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన 7.8 కిలోమీటర్ల బీజింగ్ మధ్యరేఖకు ఒక కొస ఇదే.

నన్నెవరో మోసం చేసినట్టు అనిపించింది. ఆ ఉక్రోషంలోనే, మీవాళ్లు ఊరంతా ఇలాగే పడగొట్టేశారు, హుతోంగ్‌లని పిలిచే ఆ పాత సందులు ఎంత అందంగా ఉండేవో అని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

"నువ్వు చూశావా?" అని అడిగింది. లేదు, పుస్తకాల్లో ఫొటోలు చూశానంతే.

ఆమె పదేళ్లు వచ్చేదాకా ఆ సందుల్లోనే పెరిగింది. నాలుగు వైపులా గదులు, మధ్యలో ఆకాశం, మన మండువా లోగిలి లాంటి ఇల్లు. ఒకప్పుడు ఒక్క కుటుంబం కోసం కట్టినదాంట్లో తర్వాత చాలా కుటుంబాలు సర్దుకున్నాయి. ఎవరికి వాళ్లు వాకిట్లోనే ఇటుకలు పేర్చి వంటగది లేపుకున్నారు. మరుగుదొడ్డి సందు చివర, అందరికీ ఒకటే. జనవరి రాత్రుల్లో నిద్రలేచి, కోటు తొడుక్కుని, గడ్డకట్టిన నేల మీద జారకుండా అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లేదట. ఒకరోజు గోడ మీద తెల్లరంగుతో పెద్ద అక్షరం రాశారు, చుట్టూ సున్నా చుట్టారు. పలికితే మన చాయ్ లాగే వినిపిస్తుంది. అర్థం మాత్రం కూల్చెయ్యమని. ఊరి చివర ఫ్లాట్ ఇచ్చారు. "చుట్టాలెవరొచ్చినా అమ్మ ముందు బాత్రూం చూపించేది" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఇంకొకరు చలిలో వణుకుతుంటే నిలిచే అందాన్ని కాపాడమని అడిగే హక్కు నాకెక్కడిది?

కానీ హోటల్‌కొచ్చాక ఈ లెక్కలో ఏదో తేడా ఉందనిపించింది. బాత్రూం కావాలంటే ఊరు కూలాల్సిందేనని ముడిపెట్టిందెవరు? 1950లో ఆర్కిటెక్ట్ లియాంగ్ సిచెంగ్, ప్లానర్ చెన్ జాన్‌షియాంగ్ కలిసి ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన ఇచ్చారు. కొత్త పాలనా కేంద్రాన్ని పాత నగరానికి పడమట కట్టండి, పాతదాన్ని ఉండనివ్వండి అని. ఒప్పుకోలేదు. ప్రాకారాలు పోయాయి. ఊరు ఒకే కేంద్రం చుట్టూ రింగురోడ్లుగా పెరిగింది. చివరికి రాజధాని భారం దించడానికి 2017లో దక్షిణాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో షియోంగాన్ అనే కొత్త నగరాన్ని ప్రకటించారు. 2019లో నగరపాలన కార్యాలయాలు తూర్పున టోంగ్‌జౌకి తరలాయి. లియాంగ్ చూపించిన చోటు కాకపోయినా, బయట కట్టుకోవచ్చన్న మాట మాత్రం అదే. అంటే పాతా కొత్తా ఒకే జాగా కోసం కొట్టుకోవడం తలరాతేం కాదు, కొందరు తీసుకున్న నిర్ణయం. లియాంగ్, ఆయన భార్య లిన్ హుయియిన్ 1930లలో కాపురమున్న ఇల్లు కూడా 2012లో నేలమట్టమైంది.

మరి పాత సందుల్లోనే సౌకర్యాలు పెడితే? అదీ చేశారు. లియాంగ్ దగ్గర పనిచేసిన వు లియాంగ్‌యోంగ్, జూఆర్ హుతోంగ్‌లో మండువా పద్ధతిలోనే రెండు మూడంతస్తుల ఇళ్లు కట్టించారు. ప్రతి ఇంటికీ సొంత వంటగది, సొంత మరుగుదొడ్డి. 1990 నాటికి మొదటి దశ పూర్తయింది. గొప్ప పనే. కానీ పాతవాళ్లలో చాలామంది అక్కడికి తిరిగి రాలేదు.

2017లో ఇంకో వింత. హుతోంగ్‌లకు అసలు రూపం తెస్తామంటూ, ఇళ్ల గోడలు తెరిచి నడుపుకుంటున్న చిన్న చిన్న కొట్లను ఇటుకలతో మూసేశారు. కూల్చడమే కాదు, కాపాడటం కూడా మనుషుల్ని వెళ్లగొట్టగలదు.

అందుకే ఒక కట్టడం ఎంత పాతదన్న ప్రశ్న ఇప్పుడు నాకు రెండోది. పని పూర్తయ్యాక అక్కడివాళ్లు ఉండాలనుకుంటే ఉండగలరా, పోవాలనుకుంటే తమంతట తాము పోగలరా అన్నది మొదటిది. ఇలా చూస్తే ఆ ద్వారం మీద నా కోపానికి అర్థం లేదు. ద్వారంలో ఎవరూ కాపురముండరు, నక్షా ఉంటే మళ్లీ కట్టుకోవచ్చు. సందుని అలా కట్టలేం. గోడలు లేస్తాయి గానీ, పక్కింటివాళ్లు తిరిగి రారు.

తిరుగు ప్రయాణం రోజు ఆమెను అడిగాను. "ఉంటారా, వెళతారా అని మీ అమ్మనెవరైనా అడిగారా?"

"అడిగితే వెళతాననే చెప్పేది" అంది. కాసేపాగి, "కానీ ఎవరూ అడగలేదు" అంది.