పొలములోని నిధి

ఛాందోగ్యోపనిషత్తు ఎనిమిదవ అధ్యాయమున దహరవిద్యను ఉపదేశించు సందర్భమున ఒక దృష్టాంతము కలదు. పొలములో బంగారు నిధి పాతిపెట్టబడియున్నది. ఆ క్షేత్రమును ఎరుగనివారు మాటిమాటికి దానిపైనే నడచుచుందురు గాని నిధిని పొందజాలరు. అట్లే సకల జీవులును దినదినము బ్రహ్మలోకమును చేరియు దానిని ఎరుగక మరలివచ్చుచున్నారని శ్రుతి తాత్పర్యము. భాష్యకారులు దీనిని సుషుప్తిపరముగా వివరించిరి. జీవులను ఆ నిధికి దూరము చేయునది అనృతమని ఉపనిషత్తు స్పష్టముగ చెప్పుచున్నది.

నేటి కాలమున నేలలోని లోహములను పసిగట్టు యంత్రము అంగళ్లలో దొరకుచున్నది. మెటల్ డిటెక్టరని దాని పేరు. పొడవైన కడ్డీ చివర గుండ్రని తీగచుట్ట యుండును. అందు ప్రవహించు విద్యుత్తు అయస్కాంత క్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రము నేలలోని లోహమును తాకినప్పుడు అందు స్వల్ప విద్యుత్ప్రవాహములు పుట్టును. వాని ప్రభావమును యంత్రము గ్రహించి చెవికి ధ్వనిగా వినిపించును. ఉపనిషత్తు చెప్పిన పొలమున ఈ యంత్రముతో నడచినచో చిక్కు తీరిపోవునుగదా యని ఎవరికైన తోచవచ్చును.

క్రొత్తగా యంత్రమును కొన్నవాని అనుభవము వేరు. ప్రాచీన నాణెములపై ఆశతో బయలుదేరి, మ్రోగిన చోటనెల్ల త్రవ్వును. దొరకునవి తుప్పుపట్టిన మేకులు, సీసా మూతలు, రేకు ముక్కలు. యంత్రము అబద్ధమాడలేదు; అది లోహమును చెప్పినదే గాని విలువను చెప్పలేదు. కనుక అనుభవజ్ఞులు వానికి ఒక అభ్యాసమును నేర్పుదురు. తన పెరటిలో ఒక నాణెమును తెలిసిన లోతున తానే పాతవలెను, ప్రక్కన ఒక మేకును పాతవలెను. రెండింటిపైనను యంత్రమును ఆడించి ధ్వనిభేదమును చెవికి పట్టించుకొనవలెను. తాను దాచినదానిని తానే వెదకుట చూచువారికి నవ్వు తెప్పించును. ప్రతిదినము అదే ఆసనమున, అదే వేళకు, అదే నామమును జపించు సాధకుని చూచియు లోకము ఇట్లే నవ్వును. తెలిసినదానియందు చెవి కుదిరిన పిదపనే తెలియనిదాని పిలుపు పోల్చుకొనబడును.

ఇనుమును వదలివేయుటకు యంత్రమున ఒక మీట కలదు. దానికి ఆంగ్లమున వివేకమను అర్థమిచ్చు పేరే పెట్టిరి. ఐతే త్రవ్వు శ్రమను తగ్గించుకొనుటకై ఆ మీటను మరీ త్రిప్పినచో రేకు ముక్కలతోపాటు చిన్న బంగారు నాణెము కూడ మౌనము వహించును, ఏలయన ఆ రెండింటి ధ్వనులు మిక్కిలి దగ్గరివి. ఇది నా సాధనకు పనికిరాదు, అది నా స్థాయికి తగదు అని రోగి పరిచర్యను, ఇంటి ముసలివారి సేవను ప్రక్కకు నెట్టువారు వివేకము పేర చేయుచున్నది ఇట్టిదే.

ధ్వని వినబడినంత మాత్రమున నిధి చేతికి రాదు. శంకరుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణియు నిధి దృష్టాంతమునే గ్రహించి, పిలిచినంతనే అది బయటికి రాదని, ఆప్తుని మాట వినుట, త్రవ్వుట, రాళ్లను తొలగించుట అన్నియు కావలెనని బోధించుచున్నది. త్రవ్వవలసిన చోట త్రవ్వుటయే కాదు, ఆపవలసిన చోట ఆపుటయు కావలెను.

ఇంగ్లండులోని సఫోక్ మండలమున హాక్సన్ గ్రామము కలదు. 1992 నవంబరు 16న అచ్చట ఒక రైతు పోగొట్టుకొనిన సుత్తిని వెదకుటకై ఆతని స్నేహితుడు పొలమునకు వెళ్లెను. ఉద్యోగ విరమణవేళ బహుమానముగా వచ్చిన యంత్రము ఆతని చేతనున్నది. అది మ్రోగిన చోట త్రవ్వగా వెండి చెంచాలు, బంగారు నగలు, నాణెములు కనబడెను. ఇంకను ఎంతయో యున్నదని తెలిసియు ఆతడు త్రవ్వుట మాని అధికారులకు కబురంపెను. మరునాడు పురావస్తు నిపుణులు వచ్చి నేలను జాగ్రత్తగా విప్పిరి. అయిదవ శతాబ్దారంభమున దాచబడిన రోమను నాణెములు దాదాపు 15,000 బయటపడెను. ఒకదానిలో ఒకటి పేర్చిన గిన్నెలు, కొయ్యపెట్టె ఆనవాళ్లు, చిన్న వెండి తాళములు, అన్నియు ఉన్నవి ఉన్న తీరుననే తెలియవచ్చెను. ఆతనికి ప్రభుత్వమిచ్చిన 17,50,000 పౌనుల బహుమానమును ఆతడు రైతుతో పంచుకొనెను. ధనముకంటె ముందు గమనింపదగినది ఆ ఒక్క క్షణము. చేతి క్రింద బంగారముండగా చేయి వెనుకకు వచ్చెను. నిధిని కప్పిన మట్టిని ఎవరైనను తొలగింపవచ్చును. మనస్సును కప్పు అనృతము అట్టి క్షణమున తొలగును.

అదే దేశమున, సర్రే మండలములోని వాన్‌బరో వద్ద 1980వ దశకమున ఇట్టి యంత్రములతోనే మరికొందరు ఒక ప్రాచీన రోమను దేవాలయ స్థలమును దోచి వేలకొలది నాణెములను తరలించిరి. స్థలము చెదరిపోయెను. ఏ నాణెము ఏ పొరలో, దేని ప్రక్కన ఉండెనో చెప్పగలవారు లేకపోయిరి. ఈ దోపిడివలన కలిగిన కలతయే అచ్చట 1996 నాటి నిధుల చట్టమునకు దారితీసెను.

మన దేశమున 1878 నాటి చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిధి దొరకినచో కలెక్టరుకు వ్రాతమూలముగా తెలుపవలెను. బావి త్రవ్వునపుడో పునాది తీయునపుడో కుండ బయటపడుట మన పల్లెలకు క్రొత్త కాదు. అట్టి వేళ పార చేతబట్టినవాడు కుండవంకను, నలుదెసలవంకను చూచును. ఎవరును లేరని తోచును.