ఉమ్మడి గోడ

నేటి వాక్యభాగం: లేవీయకాండము 14:33–53

ఈ భాగం మీద ప్రసంగం అరుదుగా వింటాం. ఇంటి గోడకు పొడ (పాకే మచ్చ) పుడితే ఏ రాయి ఊడదీయాలి, గీకిన మట్టి ఎక్కడ పోయాలి, కొత్త అడుసు ఎప్పుడు పూయాలి అని చదువుతుంటే తాపీమేస్త్రీకి పని అప్పగిస్తున్నట్టే ఉంటుంది. కానీ దేవుడు ఈ ఆజ్ఞ ఇచ్చేనాటికి ఇశ్రాయేలీయులకు గోడ అన్నదే లేదు. అరణ్యంలో గుడారాల కింద ఉన్నారు. ఇంకా చూడని దేశంలో, ఇంకా చేరని ఇళ్ళలో, ఏదో ఒక రోజు గోడ చెడుతుందనీ, ఆ రోజు ఇంటివాడు దిక్కుతోచక నిలబడతాడనీ ఆయనకు ముందే తెలుసు. అందుకే చేయవలసిన పని వరుసగా చెప్పి ఉంచాడు.

కొత్తచెరువులో పాత మిద్దె ఇంట్లో కాపురం చేసేవాళ్ళకు ఈ అధ్యాయం చదవగానే అర్థమవుతుంది. మా ప్రాంతపు పాత ఇళ్ళు రాయీ మట్టీ పెట్టి కట్టినవి. పైన దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన కంప పరిచి మట్టి తొక్కి, చౌడు పోస్తారు. వేసవిలో ఆ ఇంట్లో ఉన్న చల్లదనం ఏ కాంక్రీటు ఇంట్లోనూ దొరకదు. అయితే రాళ్ళ నడుమ అడుసు ఏళ్ళ తరబడి ఎండి రాలిపోతుంది. తాడిపత్రి బండల సందుల్లో పూసినది లేచిపోతుంది. గవాక్షి చుట్టూ ఉన్న మట్టి వానకు కొద్దికొద్దిగా జారుతుంది. మా గోడలకు పట్టే పొడ ఎలుకలే: చిట్టెలుకకు పెన్సిలు పట్టేంత సందు చాలు. తల దూరిందంటే ఒళ్ళంతా దూరినట్టే.

దానికి పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అందుకే ఏదో ఒకటి కొరకక తప్పదు: గోనెసంచి, తలుపు అంచు, కరెంటు తీగ, బీరువాలో దాచిన పెళ్ళి చీర. మూడు వారాలకు ఒక ఈత, ఈతకు అయిదారు పిల్లలు. ఆ పిల్లలు నెలన్నరకే మళ్ళీ పిల్లలు పెట్టే ఈడుకొస్తాయి. అన్నిటికన్నా బాధ కలిగించేది విత్తనపు కాయల నష్టం. మా జిల్లాలో చెనిక్కాయలే బతుకు. కార్తీకంలో కొట్టిన కాయల్లో మంచివి ఏరి, కదిరి పరిశోధనా స్థానంవారి కె-6 రకమైనా మరొకటైనా, మృగశిర దాకా మూటల్లో దాస్తారు. వాన పడ్డాక మూట విప్పితే అడుగున పొట్టూ ఎలుక పెంటికలూ కనిపించిన రైతు ముఖం చూసినవాళ్ళు, ఎలుకను ముచ్చటైన జీవి అని ఇక అనలేరు. కొరికి వదిలేసిన కాయకు తేమ తగిలితే పచ్చటి బూజు పడుతుంది. దాంట్లో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం మనిషి కాలేయానికీ పశువుకీ చేటు. ఎలుక ఉన్న ఇంటికి దాని వెనకాలే పాము కూడా వస్తుందని ఇక్కడి పిల్లలకు సైతం తెలుసు.

ఇక వాక్యంలోకి వద్దాం. మొదటి అడుగు ఇంటివాడిదే. అతడే యాజకుని దగ్గరికి వెళ్ళి, నా ఇంట్లో ఏదో పొడ లాంటిది కనబడుతోందని చెప్పాలి. యాజకుడు ఊరంతా తిరిగి గోడలు తనిఖీ చేయడు. మన ఇళ్ళలో ఈ మొదటి అడుగే పడదు. చుట్టాలొస్తే సంచులు అడ్డం పెట్టి బొక్క కనబడకుండా చేస్తాం. రాత్రి చప్పుడైతే పిల్లి అంటాం. ఎలుకలున్నాయని ఒప్పుకుంటే ఇల్లు శుభ్రంగా లేదని అనుకుంటారేమోనన్న సిగ్గు. ఆ సిగ్గు ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళ మీదే పడుతుంది, అది న్యాయం కాదు. ఇల్లు ఎంత తుడిచినా గోడలో సందు ఉంటే ఎలుక వస్తుంది. వాక్యం ఆ ఇంటివాణ్ణి ఏ పాపం చేశావని అడగలేదు. ఆ పొడను తానే పుట్టిస్తానని దేవుడు అంటున్నాడు. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న యూదు పండితుడు రషీ ఇక్కడ ఒక వింత వ్యాఖ్య రాశాడు. అమోరీయులు గోడల్లో బంగారం దాచిపెట్టారట, పొడ పుట్టినందుకే ఇశ్రాయేలీయులు గోడ విప్పి ఆ బంగారం దొరికించుకునేవారట. వాక్యంలో బంగారం ప్రస్తావన లేదు. అయినా చెడిన గోడను చూసి ఇంటివాడి మీద నింద వేయని ఆ మనసు నాకు నచ్చింది.

రెండో అడుగు దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. యాజకుడు చూడడానికి రాకముందే ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఎందుకంటే అతడు లోపలికి వచ్చి అపవిత్రమని నిర్ణయిస్తే ఇంట్లో ఉన్న సామానంతా అపవిత్రమైపోతుంది. ముందే బయట పెట్టినది దక్కుతుంది. ఆ పేదవాడి కుండలూ చాపలూ గింజలూ పోకూడదని, తీర్పుకు ముందే వాటిని బయటికి తెప్పిస్తున్నాడు దేవుడు. కుండ విలువ తెలిసిన కనికరం ఇది.

ఎలుకలతో వేగేవాళ్ళు చేయవలసిన మొదటి పని కూడా ఇదే. మందు కొనడం కాదు, ఇల్లు ఖాళీ చేయడం. గరిసె జరపాలి, మూటలు వాకిట్లోకి తేవాలి, అటక మీది ఇత్తడి బిందెలూ పాత పరుపులూ దించాలి. అప్పుడు గోడ కనబడుతుంది. గోడ వారగా, నేలకు రెండు వేళ్ళ ఎత్తున, నల్లటి జిడ్డు చార ఒకటి సాగి ఉంటుంది. ఎలుక మీసాలు గోడకు తగిలించుకుంటూ రోజూ అదే దారిన పోతుంది కాబట్టి దాని ఒంటి జిడ్డు అక్కడ అంటుకుంటుంది. ఆ చార వెంట వేలు పెట్టుకుంటూ పోతే మూలలో తేలుతాం. అక్కడ వేలు దూరేంత బొక్క, దాని అంచు అరిగి నునుపుగా, కింద గుప్పెడు తెల్లటి సున్నపు పొడి, రెండు చెనిక్కాయ పొట్లు. ఎన్నాళ్ళుగానో రాత్రిపూట మనశ్శాంతి చెడగొట్టినది ఇంత చిన్న చోటు. పెంటికలను పొడి చీపురుతో ఊడ్చకూడదు, దుమ్ము లేచి ఊపిరిలోకి పోతుంది. బ్లీచింగు నీళ్ళు చల్లి, కాసేపు నాననిచ్చి, గుడ్డతో ఎత్తాలి.

ఇల్లు ఖాళీ చేయడమంటే ఏమిటో ఈ దక్కను నేలకు బాగా తెలుసు. 1896లో బొంబాయికి వచ్చిన ప్లేగు 1898లో బెంగళూరు చేరింది. హిందూపురం నుంచి బెంగళూరు ఎంత దూరం! ఆ కాలంలో ఇంట్లో ఎలుక ఊరికే రాలిపడితే జనం ఊరు వదిలి పొలాల్లో గుడిసెలు వేసుకునేవారు. ఖాళీ చేసిన ఇళ్ళకు పైకప్పు తెరిచి, లోపలికి ఎండ పడనిచ్చి, గోడలకు సున్నం కొట్టేవారు. ఎలుక మీది గోమారి ద్వారా ఆ జబ్బు మనిషికి వస్తుందని పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో నిరూపించాడు. అందరూ వెంటనే నమ్మలేదు. ఈలోగా పల్లెజనం మాత్రం సామాను నెత్తిన పెట్టుకుని నడిచారు.

మూడో అడుగు రాళ్ళు తీయడం. ఇక్కడే మనం దారి తప్పుతాం. రాయి తీయడం కష్టం, మందు కొనడం తేలిక. అంగట్లో ట్యూబులో దొరికే ఎలుకల ముద్ద ఉంది, పసుపు భాస్వరంతో చేసేది. దయచేసి దాన్ని ఇంట్లోకి తేవద్దు. పళ్ళపేస్టు అనుకుని పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువది. మొదటి రోజు ఏమీ లేనట్టే ఉండి, తర్వాత కాలేయాన్ని తినేస్తుంది. దానికంటూ విరుగుడు లేదు. తమిళనాడు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఎవరైనా పొరబాటున మింగితే, బాగానే ఉన్నాడు కదా అని ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. జిగురు అట్టలు కూడా నాకు సమ్మతం కాదు. అట్టకు అంటుకున్న ఎలుక గంటల తరబడి తన చర్మం తానే పీక్కుంటుంది. నీతిమంతుడు పశువు ప్రాణం పట్ల కూడా దయ చూపుతాడని సామెతల గ్రంథం నేర్పిన మాటకు ఎలుకను మినహాయింపు చేసే హక్కు నాకు లేదు. బోను పెట్టవచ్చు, చంపవలసి వస్తే ఒక్క దెబ్బతో చంపే బోను ఉంది. అయితే ఎన్నిటిని చంపినా బొక్క మూయకపోతే ఖాళీ అయిన చోటుకు ఇంకొకటి వస్తుంది. వాక్యం చచ్చినదాని గురించి మాట్లాడదు, రాయి గురించి మాట్లాడుతుంది. పాడైన రాయి తీయి, చుట్టూ గీకు, ఆ మట్టి ఊరి బయట పారెయ్యి, మంచి రాయి పెట్టు, కొత్త అడుసు పూయి.

మా పాత వీధుల్లో ఒక గోడ ఒక్క ఇంటిది కాదు. ఈ తట్టు మాది, ఆ తట్టు పక్కవాళ్ళది. మా గోడకు అవతల ఉండే పెద్దమ్మ ఏటా చవితికి వినాయకుణ్ణి కూర్చోబెట్టి పూజ చేస్తుంది. ఆమె ఒకసారి అన్న మాట: "సామి వాహనం గదమ్మా, చంపేదానికి చేతులు రావు. ఉండనిస్తే ఇత్తనాలు మిగల్చవు. మీ తట్టు మూస్తే మా తట్టుకొస్తాండాయి, మా తట్టు మూస్తే మీ తట్టుకు." ఆమె భక్తి వేరు, నా భక్తి వేరు. ఎలుకల దారి మాత్రం ఒకటే.

క్రీస్తు తర్వాత 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నాలో ఇలాంటి గోడకే ఒక నియమం ఉంది. పొడ ఒక ఇంట్లో కనబడినా, గోడ ఉమ్మడిది అయితే ఇద్దరూ కలిసి రాళ్ళు ఊడదీయాలి, ఇద్దరూ గీకాలి, ఇద్దరూ కొత్త రాళ్ళు తేవాలి. అడుసు మాత్రం ఆ ఇంటివాడే తెచ్చుకోవాలి. లేవీయకాండంలో రాళ్ళ దగ్గర 'వారు' అనీ, అడుసు దగ్గర 'అతడు' అనీ ఉన్నందుకు ఆ పండితులు ఇలా తేల్చారు. నీ తప్పు లేకున్నా నీ పొరుగువాడి రాయి నువ్వు మోయాలి. అతడు తన వంతు అడుసు తాను కలుపుకుంటాడు. పొరుగువాణ్ణి ప్రేమించాలన్న ఆజ్ఞ ఇదే లేవీయకాండంలో కొన్ని అధ్యాయాల తర్వాత వస్తుంది. దాన్ని చాలాసార్లు మనసుతో చేసే పనిగానే వింటాం. ఇక్కడ అది వీపు మీద మోసే బరువు.

పెద్దమ్మ వాళ్ళూ మేమూ ఒకేరోజు సామాను బయటపెట్టాం. వాళ్ళ అబ్బాయి ఆ తట్టు నుంచి గడ్డపారతో పొడిస్తుంటే మట్టి మా తట్టు రాలింది. అప్పుడే గోడ కడుపులో ఉన్న దారి బయటపడింది. బొక్కల్లో గాజు పెంకులు కుక్కి, ఇనుప జాలీ అడ్డం పెట్టి, సిమెంటు పూశాం. విత్తనపు మూటల కింద చెక్కలు వేసి, గోడకు జానెడు ఎడంగా పెట్టాం. ఎలుకకు గోడ వారనే నడక, నడుమ ఖాళీ ఉంటే మూట దగ్గరికి రావడానికి జంకుతుంది, వచ్చినా మన కంటబడుతుంది. పొలాల్లో కూడా ఇదే న్యాయం. నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, బ్రోమాడయోలోన్ 2 పాళ్ళు కలిపి బొరియల్లో పెట్టమని వ్యవసాయాధికారులు చెప్పేటప్పుడు, ఊరి రైతులందరూ ఒకేసారి పెట్టమని కూడా చెబుతారు. ఒక్కడి చేను శుభ్రమైతే పక్క చేలో ఎలుకలు అక్కడికి దిగుతాయి.

నాలుగోది ఏడు రోజుల సంగతి. యాజకుడు చూసి, ఇల్లు మూసి, ఏడు రోజులు ఆగి మళ్ళీ చూస్తాడు. రాళ్ళు మార్చి పూత పూసిన తర్వాత కూడా వచ్చి చూస్తాడు. ఇల్లు పడగొట్టడం అన్నిటికన్నా చివరి మాట. ఎలుకలు పట్టిన పాత మిద్దెను చూసి, పడగొట్టి స్లాబు వేయించుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఊళ్ళో చాలామంది. కొన్ని ఇళ్ళ విషయంలో అది నిజమే కావచ్చు, దూలం పుచ్చితే ఎవరేం చేస్తారు. కానీ మన దేవుడు అక్కడి నుంచి మొదలుపెట్టడు. చూస్తాడు, ఆగుతాడు, ఒక రాయి మారుస్తాడు, మళ్ళీ వస్తాడు. మనుషుల విషయంలో కూడా ఆయన ఓపిక ఇంతే. తాగుడు మానలేని తమ్ముడి గురించీ, మాటలు లేని అన్నదమ్ముల గురించీ తొందరపడి చివరి మాట అనేసిన కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. వాళ్ళు ఈ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవాలని నా కోరిక.

ఇల్లు బాగుపడిందని తేలితే రెండు పిట్టలు తెస్తారు. ఒకదాని రక్తం ఇంటిమీద చిలకరిస్తారు, రెండోదాన్ని ఊరి బయట మైదానంలో వదిలేస్తారు. గోడలకు కూడా ప్రాయశ్చిత్తం! రాళ్ళూ మట్టీ కలిసిన ఇంటి కోసం ఇంత చేయించిన దేవుడు, ఆ ఇంట్లో రాత్రి నిద్రపట్టక లేచి కూర్చున్న ఇల్లాలిని మరిచిపోయాడని నేను నమ్మను.

ప్రార్థన

ప్రభువా, విత్తనం పోగొట్టుకుని అప్పు కోసం తిరుగుతున్న రైతులను ఈ రోజు జ్ఞాపకం చేసుకో. వాళ్ళకు మృగశిర లోపల విత్తనం దొరకనివ్వు. పాత మిద్దెల్లో నేలమీద పడుకునే పసిపిల్లలను పాము నుంచీ విషం నుంచీ కాపాడు. నెల్లూరు, గుంటూరు, కృష్ణా ప్రాంతాల చేలలో బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాది కుటుంబాలు మా అన్నం గింజలు కాపాడుతున్నాయి. వాళ్ళ పనికి తగిన కూలీ, వాళ్ళ పిల్లలకు బడి దొరికేలా చెయ్యి. గోడకు అవతలి పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గించు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.