ఇరుగుపొరుగు ధర్మము

వీధిలో ఒకడు చెడుగా ప్రవర్తించినపుడు పొరుగువాని ధర్మమేమి? తలుపు మూసికొనుటయా, పోలీసులకు తెలిపి ఊరకుండుటయా, స్వయముగా వెళ్లి మందలించుటయా? నగరవాసులకు నిత్యము ఎదురగు ప్రశ్న ఇది.

హైదరాబాదులోని సంజీవరెడ్డినగరమునే చూడుడు. మాజీ రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డిగారి పేర వెలసిన ఈ కాలనీలో నేడు వీధివీధిని హాస్టళ్లున్నవి. చెంతనున్న అమీరుపేట శిక్షణాలయములలో కంప్యూటరు విద్యకై వచ్చిన యువతీయువకులు మంచమునకింతయని అద్దె చెల్లించి కొన్ని నెలలుండి పోవుదురు. వారి పేర్లు వీధివారెరుగరు. వీధివారి పేర్లు వారెరుగరు. ఇట్టి వీధులలో గృహస్థుల మొర తరచు మూడు విధములుగా నుండును: ఆడపిల్లలను వెంబడించుట, రాత్రివేళ రొద, అరుగులమీద గుంపులుగా కూర్చుండుట. ఈ మూడింటిని ఒకే త్రాసున తూచుటయే మనము చేయు మొదటి పొరపాటు.

ఆడపిల్లను వేధించుట నేరము. అచట మౌనము పాపములో పాలుపంచుకొనుటయే. 2014లో హైదరాబాదున ఏర్పడిన షీ టీములు అందుకొరకే కలవు. కుర్రవాని భవిష్యత్తు చెడునేమో యను జాలి, ఆ పిల్లయెడల నిర్దయయే యగును.

రొద మాట వేరు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగస్థలములలో లౌడుస్పీకర్లు మ్రోగింపరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. ఆ నియమము గృహస్థుని పెండ్లిపందిరికి వర్తింపదా? మన బాజా వేడుకయు, హాస్టలు పిల్లల నవ్వు అల్లరియు నగుట యే న్యాయము? మందలింపబోవువాడు ముందుగా తన యింటి రొద నణచుకొనవలెను.

ఇక అరుగుమీద కూర్చుండుట. 2015లో పాతబస్తీ పోలీసులు అర్ధరాత్రి వీధులలో కాలక్షేపము చేయు యువకులను పట్టుకొని, తల్లిదండ్రులను పిలిపించి హితవు చెప్పి పంపిరి. ఆ కార్యక్రమమునకు చబూత్రా యని పేరు. చబూత్రా యనగా అరుగే. వీధి ప్రశాంతముగా నుండవలెనను కోరిక న్యాయమైనదే. కాని చేసిన పనికి గాక, చేయునేమో యను అనుమానమునకే పట్టుకొనుట ధర్మమగునా? మన పెద్దలు అరుగు కట్టించినది దారినపోవువాడును కూర్చుండుటకే గదా!

సంస్కృతమున పొరుగువానిని ప్రతివేశి యందురు. ఎదుట నివసించువాడని భావము. ఎదుటనున్నవాని ముఖమైన నెరుగనివాడు ప్రతివేశి యెట్లగును? పేరు పెట్టి పిలువగల పెద్ద యొకడు వీధిలో నున్నచో కుర్రవానికి సిగ్గుపడుటకు చోటుండును. ఎవరికి నేమియు కానివాడు ఎవరిని చూచి సిగ్గుపడును? కెమెరా తప్పును చిత్రించునే గాని, దిద్దలేదు.

తెలిసినవాడు మాత్రము తప్పు చేయడా యని యడుగవచ్చును. చేయును. త్రాగియున్నవానికి అర్ధరాత్రి ఒంటరిగా బుద్ధి చెప్పబోవుట వివేకమును కాదు. మరునాటి ఉదయము నలుగురు కలిసి వెళ్లి, హాస్టలు యజమానిని గూడ పిలిచి మాటలాడుట యుక్తము. గదులకు అద్దె తీసికొని వేరొకచోట సుఖముగా నిద్రించు యజమానికి ఈ వీధి నిద్రతో పనిలేదా? అప్పటికిని మారనివారికి చట్టముండనే యున్నది.

చదువరులారా, ఫిర్యాదు చేయుటకు ముందు మన వీధికి వచ్చిన ఆ పరాయి బిడ్డను ఏ యూరివాడవని యడిగితిమా? ఆ ప్రశ్న అడుగని వీధికి, వాడు మనవాడు కాలేదని నిందించు హక్కు లేదు.