సహనమంటే కదలకుండా కూర్చోవటమా?

తిరుచానూరులో ఒక సోదరుణ్ణి పరామర్శించటానికి వెళ్ళాను. మెదడులోని గడ్డను ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణం దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్. కాని కుడి చేయి, కుడి కాలు స్వాధీనంలో లేవు. "మౌలానా! సజ్దా చేయలేని నాకు నమాజేమిటి? అంతా తఖ్దీర్. సబర్ చేసుకుంటున్నా" అన్నాడాయన. డాక్టర్లు నేర్పిన వ్యాయామాలు కూడా మానేశాడు.

శరీరం సహకరించనప్పుడు ఆరాధన విలువ తగ్గిపోతుందా? విధివ్రాతను విశ్వసించటమంటే ప్రయత్నం మానుకోవటమా?

మొదటి ప్రశ్నకు జవాబు హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారి ఉల్లేఖనంలో ఉంది. జబ్బుతో ఉన్న ఆయనకు దైవప్రవక్త (సఅసం) నిలబడి, వీలుకాకపోతే కూర్చొని, అదీ వీలుకాకపోతే పక్కకు ఒరిగి పడుకొని నమాజు చేయమని బోధించారు (బుఖారీ). సజ్దా చేయలేనివారు సైగతో చేస్తారు. రుకూ కంటే సజ్దాకు కాస్త ఎక్కువ వంగుతారు. అంతేకాదు, ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన సత్కార్యాల పుణ్యం జబ్బు కాలంలోనూ దాసుని ఖాతాలో రాయబడుతుందని కూడా హదీసు తెలుపుతోంది. కాబట్టి ఆయన నమాజు లోపభూయిష్టమైనది కాదు. మానేస్తేనే లోపం.

ఇక రెండో ప్రశ్న. సహనానికి ప్రతిరూపం హజ్రత్ అయ్యూబ్ (అలై). ఆయన తన బాధను అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. అల్లాహ్ ఆయనను ఊరకే స్వస్థపరచగలడు. అయినా కాలితో నేలను తట్టమని ఆజ్ఞాపించాడు. అప్పుడే చల్లని నీరు వెలువడింది (సాద్ సూరా). ఆలోచించండి! స్వస్థతకు ముందు ఆ రోగిని అడిగింది ఒక చిన్న కదలికే.

మెదడు ఎడమ భాగం కుడి అవయవాలను నడిపిస్తుంది. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గేకొద్దీ కొంత శక్తి తిరిగి రావచ్చు. ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ సాధన చేస్తే, మెదడులో మిగిలిన భాగాలు ఆ పనిని నేర్చుకోగలవు. ఎంతవరకు కోలుకుంటారన్నది అల్లాహ్ చేతిలో ఉంది. సాధన మన చేతిలో ఉంది. 1954లో ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చొనే కుష్టు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. మన జిల్లావాసులు వైద్యానికి వెళ్ళే వెల్లూరు సీయంసీలో 1966లో ప్రారంభమైన పునరావాస కేంద్రం ఆమె కృషి ఫలితమే.

ఇంట్లోవారికి ఒక మాట. "ఇది నీ పాపాల శిక్ష" అని రోగితో ఎన్నడూ అనకండి. ఆయన అడుగు వేసేటప్పుడు భుజం పట్టుకోండి. వుజూ చేయించండి. మస్జిదులో ఒక కుర్చీ వేయండి.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, మనకు సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.