వంటింటి నల్లా

నీతిని గూర్చి వ్రాయువారు సాధారణముగా రాజ్యము, యుద్ధము, వివాహము, ఆస్తి మొదలగు పెద్ద విషయములనే యెత్తుకొందురు. మేమీ వ్యాసమున వంటింటికి క్రొత్త నల్లాను కొనుటను గూర్చి విచారింపదలచినాము. చదువరులు నవ్వుకొన్నను సరియే. యుద్ధమును గూర్చి నిర్ణయింపవలసిన దినము సామాన్య గృహస్థునకు జీవితములో రాకయే పోవచ్చును. నల్లాను మాత్రము ఇంటింట దినమునకు పలుమారులు విప్పుచు కట్టుచు నుందురు. ధర్మము అలవాటులో నిలుచునను మాట నిజమైనచో, ఇంతగా చేతికి అలవడిన వస్తువును కొనునప్పుడు ధర్మవిచారము చేయుట అనుచితము కాదు.

నర్సింహులపేట మొదలగు మన పల్లెలలో దీనిని నల్లా యందురు. కోస్తా జిల్లాలలో కొళాయి యందురు. పేరేదైనను దాని పని యొక్కటే. నీటిని తెచ్చునది గొట్టము. గొట్టపు కొనను తెరచి విడిచినచో నీరు తనంతట తానే వచ్చును, దానికి యంత్రమక్కరలేదు. నీటిని ఆపుటకే యంత్రము కావలెను. 1845లో ఇంగ్లండులోని రాదర్‌హామ్ పట్టణమున గెస్టు, క్రైమ్సు అను ఇత్తడి పోతపని సంస్థవారు మర త్రిప్పి మూయు నల్లాకు పేటెంటు పొందిరి. మరకొననున్న చిన్న బిళ్ల నీటిరంధ్రముపై గట్టిగా కూర్చుండుటయే అందలి కిటుకు. నేడు పావుచుట్టు త్రిప్పిన చాలునను నల్లాలు వచ్చినవి. వానిలో నున్నగా సానపట్టిన రెండు పింగాణి బిళ్లలు ఒకదానిపై నొకటి జరుగును. వాని రంధ్రములు కలిసినపుడు నీరు వచ్చును, తొలగినపుడు ఆగును. పద్ధతి మారినను ప్రయోజనము మారలేదు. నల్లా అనగా నీటిని కట్టు సాధనము.

ఇట్లుండగా అంగడికి పోయిన మనము ఏమి చూచుచున్నాము? మెరుగు చూతుము, వంపు చూతుము, ధార యెంత జోరుగా వచ్చునని యడుగుదుము. ఎంత గట్టిగా మూయును, ఎన్నేండ్లు మూయును అని యడుగువారు అరుదు. విప్పుటలో మన సుఖమున్నది. కట్టుటలో ఎవరి సుఖమున్నదో మనకు కనబడదు. ఈ కనబడని వారిని గూర్చియే మా విచారము.

మన ఓరుగల్లు సీమ చెరువుల సీమ. గణపతిదేవ చక్రవర్తి కాలపు పాకాల చెరువు నేటికిని నిలిచియున్నది. చెరువునకు కట్ట యెంత ముఖ్యమో తూమును అంత ముఖ్యము. తూమును విప్పి, వంతు ముగియగానే కట్టి, చివరిమడివరకు నీరందునట్లు చూచువానిని నీరటికాడనిరి. అతడు కట్టుట మరచినచో కాలువ మొదటనున్న పొలము మునుగును, చివరనున్న పొలము ఎండును. అతడు ఎదుటివానికై కట్టెడివాడు.

ఐతే మన పల్లెలలో మరియొక కట్టుట యుండెను. పలుచోట్ల నీరటివారు దళిత కులములవారు. ఏ ఊరు తన పంటనంతయు వారి చేతికప్పగించెనో, ఆ యూరే తన మంచినీళ్ల బావిని వారిని తాకనీయలేదు. బావిగట్టుకు దూరమున కడవ పెట్టుకొని, ఎవరైన దయతలచి పోయువరకు వారి యాడువారు నిలువవలసి యుండెను. 1927 మార్చి 20న నేటి మహారాష్ట్రములోని మహాడ్ పట్టణమున డాక్టరు అంబేడ్కరు వేలమందితో చవదార్ చెరువునకు నడచి ఆ నీరు త్రాగెను. ఆ చెరువు అందరిదని పురపాలక సంఘము అంతకుముందే తీర్మానించియుండెను. తీర్మానముండినను చెరువు వారికి మూయబడియే యుండెను.

కావున కట్టుట రెండు విధములు. ఎదుటివానికి దక్కకుండ కట్టుట యొకటి. ఎదుటివానికి దక్కుటకై కట్టుట రెండవది. చేయి యొకటే, చేష్ట యొకటే; ధర్మాధర్మములు మాత్రము పగలును రాత్రియు వలె వేరు. మొదటిదానిని సంస్కర్తలు ఖండించిరి. రెండవదానిని అలవరచుకొనుట మన వంతు.

నేడు బావి స్థానమున గొట్టము వచ్చినది. తెలంగాణమున 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము కృష్ణా గోదావరుల నీటిని, జలాశయముల నీటిని శుద్ధిచేసి ఇంటింటికి నల్లా ద్వారా చేర్చుటకు ఉద్దేశింపబడినది. పల్లెలలో మనిషికి దినమునకు 100 లీటర్లని అందు లెక్క వేసిరి. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన జల జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లు. ఇంటిలోనికి వచ్చిన నల్లా, బావిగట్టు దగ్గర నిలిచి బ్రతిమాలుకొను అవమానమును తప్పించినది. ఇది సామాన్యమైన మేలు కాదు. కాని నీరటికాని బాధ్యతయు దానితోపాటే ప్రతి యింటిలోనికిని వచ్చినదని మనము గుర్తింపలేదు.

క్షణమున కొక చుక్క కారు నల్లాను తలచుకొనుడు. దినమునకు 86,400 చుక్కలు. చుక్క పావు మిల్లీలీటరనుకొన్నను దినమునకు ఇరువదియొక్క లీటర్లు దాటును. 100 లీటర్ల లెక్కలో ఒక మనిషి వంతున ఐదవ భాగమిది; 55 లీటర్ల లెక్కలో మూడవ భాగమును మించును. ఊరి ట్యాంకునుండి గొట్టము సాగినకొలది ఒత్తిడి తగ్గును. మొదటి యిండ్ల నల్లాలు కట్టక విడిచినచో కొననున్న ఇంటికి సన్నధారయే చేరును, ఒక్కొక్కప్పుడు అదియు చేరదు. కొననుండువారు తరచుగా ఎవరు? ఊరి చివరి వాడలవారు, తండాలవారు. బావినాడు తెలిసి చేసిన యన్యాయమే నల్లానాడు తెలియకయే జరుగుచున్నది.

ఇక కొనువాడు చూడవలసినవి కొన్ని కలవు. మొదటిది, మూత. అంగడిలో నల్లాను పలుమారులు త్రిప్పి చూడవలెను. పట్టుట, వదులగుట లేక త్రిప్పుట సాఫీగా నుండవలెను. రెండవది, మరమ్మతు. లోపలి బిళ్ల గాని వాషరు గాని మన మండలపు అంగడిలో దొరకునా యని అడుగవలెను. దొరకని సొగసు నల్లా ఒకనాడు కారుట మొదలిడిన కారుచునే యుండును. మూడవది, ఒత్తిడి. పది మీటర్ల యెత్తు నీరు సుమారొక బారు ఒత్తిడినిచ్చును. ఒక్క అంతస్తు ఇంటిపైనున్న తొట్టికిని వంటింటికిని నడుమ రెండు మూడు మీటర్ల యెత్తే యుండును. అధికమైన ఒత్తిడికై చేసిన సన్నజల్లెడ నల్లాను అచట బిగించినచో బిందె నిండుటకు చాలసేపు పట్టును. బోరునీటి సున్నము జల్లెడను పూడ్చును గనుక, నిమ్మరసములో నానబెట్టి కడుగుటకు వీలుగా జల్లెడ ఊడి రావలెను. నాలుగవది, లోహము. ఇత్తడిలో పనిసులువునకై కొంత సీసము కలుపుట వాడుక. మన ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో సీసము లీటరునకు 0.01 మిల్లీగ్రామును మించరాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి కొనుటయు, రాత్రియంతయు గొట్టమున నిలిచిన నీటిని ఉదయమున అంట్లు తోముటకు వాడి తరువాతి నీటిని త్రాగుటకు పట్టుటయు మేలు.

వీనికన్న ముఖ్యమైన ప్రశ్న యొకటి మిగిలినది: ఎంచుకొనువా రెవరు? ఇల్లు కట్టించు పురుషుడు మేస్త్రీతో కూడి అంగడికి పోయి, చుట్టములు చూచి మెచ్చుకొనుటకు తగినదానిని తెచ్చును. దానిని దినమంతయు త్రిప్పునది గృహిణి. తన బిందె ఎంత యెత్తో, పిండి అంటిన చేతితో ఏ పిడి తిరుగునో, కీళ్లనొప్పులున్న అత్తగారికి మర సులువో మీట సులువో ఆమెకు తెలియును. స్త్రీ స్వాతంత్ర్యమును గూర్చి సభలలో నుపన్యసించి, ఆమె చేతి పనిముట్టునైన ఆమెను అడుగక కొనుట పొసగని పని. సరిగా కట్టుకొనని నల్లాకు నిందయు తుదకు ఆమెకే వచ్చును గదా!

ఇచట కొందరు రెండాక్షేపణలు చేయవచ్చును. ‘మా నీరు మా బోరుది, ఊరి గొట్టముతో మాకేమి పని?’ అని యొకటి. భూగర్భజలము పొలము గట్టును చూచి ఆగదు. మన బోరు త్రాగినది పొరుగువాని బావి పోగొట్టుకొనవచ్చును. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము బావులను నమోదు చేయింపవలెననుట ఈ కారణముననే. ‘పొలములకు పారు నీటియెదుట నల్లా చుక్క యెంత?’ అని రెండవది. కొలతకు ఇది నిజమే. మన దేశమున నీటిలో అత్యధిక భాగము సేద్యమునకే పోవుచున్నది. కాని శుద్ధిచేసి, పంపులతో ఎత్తి, గొట్టములతో తెచ్చిన త్రాగునీటి ఖాతా వేరు. చివరి యింటి కడవ పొలము లెక్కతో నిండదు. పొలమున వృథా యున్నదని ఇంట వృథా ధర్మమగుట ఎట్లు?

ధనమున్నవారికే ఈ ధర్మము సాధ్యమని యనుకొనరాదు. వేలు పోసి కొన్న నల్లా కారవచ్చును. కొద్ది రూపాయల వాషరు మార్చిన పాత నల్లా చుక్క రాల్పక నిలువవచ్చును. ధర మన శక్తి ననుసరించి యుండును. మూత మాత్రము ఎవరికైనను తప్పదు. అంగడివాడు ధారను విప్పి చూపినపుడు సంతోషించి, ‘ఇక కట్టి చూపుము’ అని యడుగుట కొనువాని మొదటి కర్తవ్యము.