కాదాచిత్క దోషము

యంత్రములకు వచ్చు దోషములు రెండు విధములు: ఒకటి స్థిరము, రెండవది కాదాచిత్కము. చక్రమునకు గాలి పోయినను, ఇరుసు విరిగినను ఆ దోషము మన యెదుట నిలిచి తన్ను తాను చెప్పుకొనును. బాగుచేయువరకు బండి కదలదు, బాగుచేసిన పిమ్మట మనస్సున శంక మిగులదు. విద్యుత్తునకు సంబంధించిన దోషము తరచుగా అట్టిది కాదు. అది వచ్చునప్పుడు హేతువు చెప్పదు, పోవునప్పుడు ఆనవాలు విడువదు. విశాఖపట్టణమున సముద్రమునకు చేరువలో కాపురముండి, చాలకాలముగా ఒక పాత కారును వాడుకొనుచున్న నాకు ఈ రెండవజాతి దోషముతోడి సహవాసము అలవడినది. ఒక ఉదయమున తాళము త్రిప్పగా సెల్ఫు పలుకదు; మరల త్రిప్పగా ఏమియు జరుగనట్లే ఇంజను అందుకొనును. ఒక సాయంకాలమున ముందు దీపములు మసకబారును, హారను మూగవోవును. తీరా మెకానిక్కు ముంగిట నిలుపగానే సమస్తము సవ్యముగా నుండును.

ఇట్టి బండితో జీవించువాని మనస్సు మెల్లమెల్లగా మారును. ఎక్కడికి పోయినను, అవసరమైనచో త్రోసి స్టార్టు చేయుటకు వీలుగా పల్లమున్న చోటు వెదకి నిలుపును. ఇంతవరకు ఇది జాగ్రత్త. దీని వెంబడి మరియొకటి ప్రవేశించును. ఒకనాడు తలుపు తెరచి మూసిన పిమ్మట ఇంజను పలికినచో, మరునాడు చేయి తనంత తానే తలుపుమీదికి పోవును. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి జరిగిన, మొదటిదే రెండవదానికి కారణమని భ్రమించు మనుష్యస్వభావమును మన పెద్దలు ఎరిగియే కాకతాళీయమను మాటను మనకిచ్చినారు. అంధవిశ్వాసము చదువు లేనివారికే పుట్టునని తలపరాదు. పరిశీలన అలసిపోయిన ప్రతిచోటను అది పుట్టును.

హేతువు మాత్రము లేకపోలేదు. 12 వోల్టులదని మనము వాడుకగా చెప్పు సీసపు బ్యాటరీ నిండుగా ఛార్జి అయి విశ్రాంతిలో నున్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపును. దానినుండి విద్యుత్తు తీగలవెంట దీపములకును హారనుకును సెల్ఫుకును పోవును. తిరిగివచ్చుటకు మాత్రము చాలవరకు వేరు తీగ యుండదు, బండియొక్క లోహశరీరమే దానికి తిరుగుదారి. మెకానిక్కులు ఎర్తు అనునది దీనినే. ఆ శరీరమునకు తీగను బిగించిన బోల్టు క్రింద ఉప్పుగాలి వలన చిలుము పట్టినప్పుడు దారి తెగిపోదు, ఇరుకగును. ఎండకు లోహము వ్యాకోచించును, రాత్రికి ముడుచుకొనును. గతుకులలో తీగ కదలును. వానలో తేమ చేరును. అందుచేత ఆ కీలు ఒకప్పుడు అంటును, ఒకప్పుడు విడును. ఓములో నూరవ వంతు నిరోధము కంటికి కనబడునది కాదు; కాని ఇంజనును త్రిప్పుటకై సెల్ఫు 150 ఆంపియరులు లాగునప్పుడు ఆ నూరవ వంతే ఒకటిన్నర వోల్టును హరించును. లోపలి చిన్న దీపమునకు అదే దారి చాలును. కావుననే అదే బండి ఒక పనికి ఆరోగ్యముతోను మరియొక పనికి రోగముతోను కనబడును.

ఈ మర్మమును నాకు తెలిపినవాడు ఒక వృద్ధ ఎలక్ట్రీషియను. "ఊరికే నిలబెట్టి మీటరు పెడితే అన్నీ బాగానే చూపిస్తాయండి మాస్టారూ, సెల్ఫు కొడుతుండగా చూడాలి" అని ఆయన మీటరు తీగ నొకదానిని బ్యాటరీ మైనసునకు, రెండవదానిని ఇంజను ఒంటికి ఆనించెను. బండి ఊరకున్నంతసేపు సున్న. సెల్ఫు కొట్టగానే అంకె లేచినది. ఎర్తు బోల్టు విప్పి, చిలుము గీకి, మరల బిగించినంత ఆ బాధ తీరినది. పాత వైరింగులో అట్టి కీళ్లు ఇంకను కలవు గనుక వేరొకటి వేరొకచోట తలయెత్తుచునే యున్నది. విశ్రాంతిలోని సౌష్ఠవము సౌష్ఠవమునకు ప్రమాణము కాదనియు, భారము వహించునప్పుడే బలాబలములు తేలుననియు నాటినుండి నాకు నిశ్చయమైనది. పడకకుర్చీలో కూర్చున్నప్పటి నా శాంతమును గూడ ఆ తూనికతోనే నేను తూచుకొనుచున్నాను.

గౌతముని న్యాయశాస్త్రము చెప్పిన 16 పదార్థములలో సంశయము మూడవది, నిర్ణయము తొమ్మిదవది. నడుమ ప్రయోజనము, దృష్టాంతము, సిద్ధాంతము, అవయవములు, తర్కము కలవు. మొదట బ్యాటరీని, పిదప డైనమోను, ఆ పిదప సెల్ఫును ఊహమాత్రమున మార్చుచు మంచి వస్తువులను పారవేయువాడు ఈ నడిమి మెట్లనన్నిటిని విడిచి దూకుచున్నాడు. దోషము తోచినప్పుడెల్ల వాన యున్నదా, ఇంజను వేడిగా నున్నదా, గతుకు తగిలినదా, ఏయే దీపములు వెలుగుచున్నవి అని వ్రాసికొన్నచో, ఏది యున్నప్పుడు దోషమున్నదో, ఏది లేనప్పుడు దోషము లేదో క్రమముగా బయటపడును. అన్వయవ్యతిరేకములనగా ఇవియే. బండియందు అనిశ్చయమేమియు లేదు. అనిశ్చయము మన యెరుకయందున్నది. ఈ యొక్క విషయము గ్రహించినవానికి విసుగు తగ్గును, కుతూహలము పెరుగును.

అయినను ఓర్పునకు హద్దు గలదు. సెల్ఫు పలుకనప్పుడు నష్టపడునది నా కాలము. దానిని నేను సహింపవచ్చును. ముందు దీపములు ఆరుట, బ్రేకు దీపము వెలుగకుండుట, తీగలు మాడు వాసన వచ్చుట అట్టివి కావు. చీకటిలో రోడ్డు దాటువాడు, వెనుక మోటారుసైకిలుపై వచ్చువాడు నా సహనమునకు మూల్యము చెల్లింపరాదు. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దానికి బదులు లావుపాటి తీగ చుట్టుట మరింత అపచారము. తాను కాలి బండిని కాలనీయకుండుటయే ఫ్యూజు ధర్మము.

కావున ఇట్టి బండి గల మిత్రులకు నా మనవి: దానిని తిట్టవలదు, దానికి మ్రొక్కవలదు. చూచి వ్రాసికొనుడు, భారము మీద పరీక్ష చేయించుడు, దీపములు నమ్మదగినవని తేలువరకు ప్రొద్దు గ్రుంకిన పిదప బండి తీయకుడు.