విశ్రాంతియు కూలియు

మానవునకు శ్రమ యెంత యవసరమో విశ్రాంతియు నంత యవసరము. కాని విశ్రమించిన దినమునకు కూలి యెవరు చెల్లింపవలెను? ఇది కేవలము అర్థశాస్త్ర విషయము కాదు, ధర్మ విషయము.

ఐస్‌లాండు దేశమున 2015–2019 సంవత్సరముల మధ్య సుమారు 2,500 మంది ఉద్యోగులకు వారపు పనిని 40 గంటల నుండి 35, 36 గంటలకు తగ్గించిరి, జీతమును తగ్గింపలేదు. పెక్కుచోట్ల పని కుంటుపడలేదు, కొన్నిచోట్ల మెరుగుపడినది. 2022లో బ్రిటనులోని 61 సంస్థలు ఇట్టి ప్రయోగమే చేయగా, అత్యధిక సంస్థలు దానిని కొనసాగింప నిశ్చయించినవి.

నెలజీతగానికిది శుభవార్తయే. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో చేట నొడిలో నుంచుకొని బీడీలు చుట్టు తల్లి మాటేమి? ఆమెకు వేయి బీడీల కింతయని కూలి. 1966 నాటి బీడీ కార్మికుల చట్టము కార్ఖానాలో దినమునకు 9, వారమునకు 48 గంటల పరిమితి విధించినది. ఇంట చుట్టువారి గంటలను లెక్కించిన వారెవరు? తునికాకు తడిపిన వేళ, కత్తిరించిన వేళ ఏ లెక్కలోను చేరవు. 2016లో ప్యాకెట్టుపై 85 శాతము హెచ్చరిక బొమ్మ ముద్రింపవలెనను నియమము వచ్చినపుడు కంపెనీలు పలుచోట్ల ఉత్పత్తి నిలిపివేసినవి. పని తగ్గినది, కూలియు తగ్గినది. కాని కడుపు తగ్గదు గదా!

సిరిసిల్లలోను ఇదే స్థితి. అచట సాంచాల కార్మికునకు మీటరు లెక్కన కూలి. పాళీ పండ్రెండు గంటలు. 2017 నుండి బతుకమ్మ చీరల పని వచ్చిన నెలలలో సాంచాలు రాత్రింబవళ్లు నడచినవి. 2024 ఆరంభమున ఆర్డర్లు లేక పెక్కు సాంచాలు నిలిచినవి. ఆ నిలుపుదల విశ్రాంతి కాదు, ఉపవాసము.

“సాంచ నిలిచిన గుడ్డ నిలుచును, నే నెక్కడి నుండి తెచ్చి యిత్తును?” అని ఆసామి యడుగును. అది కాదనరాని మాట. కార్యాలయమున వృథాకాలమును తగ్గించి అదే పనిని ముగింపవచ్చును. సాంచ వేగము మనుష్యుని ఉత్సాహముతో పెరుగదు. అలసిన కన్నులు తెగిన పోగును గుర్తింపకపోవుట తప్పినను, తగ్గిన గంటల నష్టమంతయు పూడదు. కావున పాళీని ఎనిమిది గంటలు చేసినచో మీటరు ధర పెరుగక తప్పదు. ఆ భారమును ఆసామి యొక్కడే కాక, నూలు నిచ్చి గుడ్డ గొను యజమానియు, వర్తకుడును, కొనుగోలుదారును, ప్రభుత్వమును పంచుకొనవలెను.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అలవాటుకంటె అధికముగా బియ్యము తేగా, లక్కమ్మ వానిని తిరిగి యిచ్చి రమ్మన్నది. పేదవాడు ఉన్నదానితో తృప్తిపడవలెనని మాత్రమే దీని భావమని కొందరు చెప్పుదురు. అది చాలదు. తనకు చెందని దానిని గైకొనరాదనుట దాని సారము. ఎనిమిది గంటల ధర యిచ్చి పండ్రెండు గంటల శ్రమను గైకొనువాడు తిరిగి యీయవలసిన బియ్యము లేదా? కాయకము పవిత్రమైనచో, కాయకము చేయు దేహమును పవిత్రమే. విశ్రాంతి పేర కూలిని కోయుటయు, కూలి పేర విశ్రాంతిని హరించుటయు రెండును అన్యాయములే.